చివర నలభై ఏడు

పోయిన వారం శోభారాణిని పరకాల దాటాక చెడిపోయిన బస్సులో కూర్చోబెట్టి, మన దారిన మనం వచ్చేశాం. ఒళ్ళో చేతిసంచి, సంచిలో డాంగిల్, చెవిలో ఆఫీసు యజమాని కూతురు శ్రీలత ఫోన్‌లో చెప్పిన రెండు ముక్కలు. "అక్కా, ఎక్కడున్నా సరే, డాంగిల్ పట్టుకొని రేపు పొద్దుగాల్ల జనగామల ఉండాలె. బాపు మస్తు కోపం మీదున్నడు." కంగారు పడకండి, బస్సు బాగైంది. అందులో కూర్చున్న మనిషి సంగతే ఇంకా తేలలేదు.

ఈ వారమే కథలో అడుగు పెట్టినవాళ్ళకు డాంగిల్ ఏమిటో చెప్పకపోతే పాపం. బొటనవేలంత నల్లటి ముక్క అది. కంప్యూటర్‌కు గుచ్చితే పటాలు గీసే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, పీకితే మూసుకుంటుంది. జగపతి గారి సర్వే ఆఫీసుకు జనగామలో ఒక గది, మానుకోటలో ఒక గది, భూపాలపల్లిలో ఒక గది. తొమ్మిదేళ్ళ కింద మూడూళ్ళూ జిల్లా కేంద్రాలయ్యాయి. లేఅవుట్లు, హద్దులు, కొలతలు అంటూ పని వచ్చి మీద పడింది. గదులు మూడయ్యాయి గానీ డాంగిల్ మాత్రం ఒక్కటే. రెండోది కొందాం సార్ అని ఎవరన్నా అంటే, "ఉన్నదాన్ని తిప్పుకుంటే కాళ్ళిరుగుతయా?" అనేవారు జగపతి గారు. ఆ తిరిగే కాళ్ళు ఆయనవి కావు కదా! సోమ మంగళాలు జనగామ, బుధ గురువారాలు మానుకోట, శుక్ర శనివారాలు భూపాలపల్లి. డాంగిల్ దిగిన రెండు రోజులే ఆ ఊళ్ళో గీత పని. మిగిలిన నాలుగు రోజులూ పొలాల్లో కొలతలు.

దాన్ని మోసే మనిషి శోభారాణి. లింగాల ఘనపూర్ పిల్ల, ఇప్పుడు నలభై ఒకటో ఏడు. మూడు ఊళ్ళలో మూడు చాపలు, మూడు గ్లాసులు, మూడు గోడ మేకులకు మూడు తువ్వాళ్ళు. ఇల్లు మాత్రం ఎక్కడుందంటే చెప్పలేదు. ఒక్కరోజు ఆలస్యమైతే మూడు గదుల నుంచీ ఫోన్లు వస్తాయి. 'డాంగిల్ రాలేదేంది' అంటారు. 'నువ్వు రాలేదేంది' అని ఒక్కరూ అనరు. మొన్న చలికాలంలో జ్వరంతో పడి ఉంటే భూపాలపల్లి నుంచి సుమలత ఫోన్ చేసింది. "అక్కా, డాంగిల్ ఎవరితోనన్న పంపుతవా?" అంది. తగ్గిందా అని అడగలేదు. చెడ్డపిల్లేం కాదు, తోచలేదు అంతే. శోభారాణి బస్సు డ్రైవర్‌ను బతిమాలి డాంగిల్ పంపి, తిరిగొచ్చి కంబళి ముసుగేసుకుని చాలాసేపు ఏడ్చింది. జ్వరానికే ఏడుస్తున్నానని తనకు తాను చెప్పుకుంది.

ఆమెకు ఇంకో పని కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపే మెయిళ్ళు చదవడం. వాళ్ళేమో ఒకచోట నిలబడే రకం కాదు. ఒకప్పుడు ఒక్కసారి కొంటే బతికినంత కాలం మీదే అన్నారు. తర్వాత కంప్యూటర్‌కొకటి ఉండాలన్నారు. ఇప్పుడేమో డాంగిళ్ళు వద్దు, మనిషికొక లైసెన్స్, ఆ మనిషి పేరు మీద, ఏడాదికొకసారి, ఇంకొకరు వాడితే ఒప్పుకోం అంటున్నారు. ఆరు పేజీల ఇంగ్లిషు మెయిల్‌ను పక్కన నిఘంటువు పెట్టుకుని చదివి, సారాంశం తెలుగులో నోట్‌బుక్‌లో రాసి, జగపతి గారి ముందు పెట్టేది శోభారాణి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "చూద్దాం తియ్" అనేవారు.

అలా చూద్దాం చూద్దాం అంటూనే గడువు ఈరోజు మీదికి వచ్చింది. శనివారం, సాయంత్రం ఐదు గంటలు.

శోభారాణి ఆఫీసు మెట్లెక్కేసరికి పగలు పన్నెండున్నర. పొద్దుగాల్ల రమ్మన్న మనిషి మిట్టమధ్యాహ్నం వస్తే ఎవరికైనా మండుతుంది. కింద ఎరువుల దుకాణం వాసన మెట్ల మీద దాకా వెంట వచ్చింది. లోపల జగపతి గారు కుర్చీలో లేరు, కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన నిలబడ్డారంటే కోపం నెత్తికెక్కిందన్నమాట. ఆయన కూతురు శ్రీలత కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఇంజనీరింగ్ చదివి వచ్చి రెండేళ్ళుగా జనగామ గదిని నడుపుతున్న పిల్ల.

"వచ్చినవా అక్కా. నీళ్ళు తాగు ముందుగల" అంది శ్రీలత.

"నీళ్ళు తర్వాత తాగొచ్చు. ముందు గా పేర్లు సూడుమను" అన్నారు జగపతి గారు వెనక్కి తిరక్కుండానే.

తెర మీద కొత్త లైసెన్సుల ఫారం ఉంది. మూడు పేర్లు. జనగామకు శ్రీలత, మానుకోటకు చైతన్య, భూపాలపల్లికి సుమలత. శోభారాణి పై నుంచి కిందికి చదివింది, మళ్ళీ కింద నుంచి పైకి చదివింది. ఎటు నుంచి చదివినా మూడే.

"నా పేరు లేదు" అంది మెల్లగా.

"నీకెందుకమ్మా?" ఆయన గొంతులో వెటకారం లేదు. అదే శోభారాణికి ఎక్కువ గుచ్చుకుంది. "నువ్వు గీయవు కద. డాంగిల్ తెస్తవ్, తీస్కపోతవ్. ఇగ డాంగిలే లేకపాయె. నీకు వేరే పని సూద్దాం."

"బాపు, అక్క గీయదని ఎవరన్నరు?" శ్రీలత కుర్చీ తిప్పింది. "సుమలత రాకముందు భూపాలపల్లి పటాలన్నీ అక్కే గీసింది. చైతన్య తప్పులు ఇప్పటికీ అక్కే దిద్దుతది."

"ఏడుంది అక్క పేరు? సూపెట్టు."

శ్రీలత పాత ఫైళ్ళు తెరిచింది. పందొమ్మిది వందల పైచిలుకు పటాలు. ప్రతిదాని మీదా 'గీసినవారు' అన్నచోట ఒకటే పేరు ఉంది, ముత్యం. ఎవరు గీసినా ఆ పేరే పడుతుంది, లైసెన్స్ అతని పేరున ఉంది కనుక.

ఈ ముత్యం ఎవరో కొత్తవాళ్ళకు చెప్పాలి. జగపతి గారి పాత భాగస్వామి. డాంగిల్ కొన్న నాడు జగపతి గారు మేడారం జాతరలో ఉన్నారు, ఫోన్ కలవలేదు. సరే నా పేరే రాసేద్దాం, మనలో మనకేంది అని కాగితాల మీద ముత్యం సంతకం పెట్టేశాడు. అంతే, మార్చలేదు. మనలో మనకేంది అనుకున్న రెండేళ్ళకు, మూడూళ్ళూ జిల్లాలైన ఏడాది వానాకాలంలో, ముత్యం వెళ్ళిపోయాడు. 'పోతున్న, ఎతకకుండ్రి' అని జగపతి గారి బల్ల మీద చీటీ పెట్టి మరీ పోయాడు. ఎందుకో రాయలేదు. పౌరుషం మనిషి జగపతి గారు. ఆ నంబరు తన ఫోన్‌లోంచి ఆ క్షణమే తీసేశారు, ఒక్కసారి కూడా చేసి చూడలేదు.

ప్రింటు తీసిన ప్రతి పటం అడుగునా సన్నటి అక్షరాల్లో ముత్యం పేరు వస్తుంది. ఆ పేరు కంటపడితే జగపతి గారికి అన్నం సహించదు. అందుకని స్కేలు పెట్టి, బ్లేడుతో వేలెడు మేర కోసేశాకే పటం గది దాటాలి. తొమ్మిదేళ్ళుగా మూడూళ్ళలోనూ అదే ఆచారం. ఆ కోత కూడా శోభారాణి చేతిదే. కోసిన ముక్కను చెత్తబుట్టలో వేసే ముందు ప్రతిసారీ ఒక్క క్షణం చదువుకునేది.

గీత నేర్పింది అతనే మరి. కొలతలు రాసుకోవడానికి చేరిన పిల్లను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "గీత తప్పుపోతే తుడుసుకోవచ్చు, పరేషాన్ గాకు" అన్న మొదటి మనిషి. అన్నం తిన్నావా అని రోజూ అడిగిన మనిషి. దాన్ని ప్రేమ అనడానికి శోభారాణికి అప్పట్లో ధైర్యం చాలలేదు. ఇప్పుడైతే అదేనని తెలుసు, వినడానికే ఎవరూ లేరు.

"అది పక్కన పెట్టు" జగపతి గారు ఇప్పుడు తిరిగారు. "ఇంకో ముచ్చట. కంపెనోడు నలభై రోజుల కిందనే ఆఖరి మెయిల్ పంపిండట. పాత లైసెన్స్ ఎవరి పేరు మీదుందో వాళ్ళ ఫోన్‌కు ఓటీపీ పోతదట, అది కొడితేనే కొత్తదానికి మారుతదట. ఆ మెయిల్ అదే రోజు ఎవరో తెరిసిన్రు. నువ్వే గదా?"

"నేనే సార్."

"మరి నాకెందుకు చెప్పలె?"

శోభారాణి చేతిసంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుంది.

"బాపు, అరవకు. ఐదింటిదాంక టైమున్నది" అంది శ్రీలత. "అక్కా, మార్చుకోకపోతే ఏమైతదో నీకు తెలుసు కద. రేపటిసంది డాంగిల్ పనిచెయ్యది. కొత్త లైసెన్సులు కొనొచ్చు, కానీ పాత పటాలను కొత్తదాంట్ల తెరిచే వీలు మార్చుకున్నోళ్ళకే ఇస్తున్నరు. పందొమ్మిది వందల పటాలు... మళ్ళ పొలాలన్నీ కొలిచి గీయాలె."

తెర మీద ఇంకో పేజీ తెరిచింది. హక్కుదారు ముత్యం. ఫోన్ నంబరు ఎనిమిది చుక్కలు, చివర నలభై ఏడు.

"నలభై ఏడు" అని జగపతి గారు నుదురు రుద్దుకున్నారు. "ముంగటివి యాదికి లేవు. యాదికున్నా ఏం లాభం? వాడు యాడున్నడో, ఆ నంబరు ఇయ్యాల ఎవని చేతుల ఉన్నదో. కంపెనీకి ఫోన్ చేసినవా బిడ్డా?"

"చేసిన బాపు. కాయిదాలు పంపితే పేరు మారుస్తరట, పదిహేను రోజులు పడుతదట. గడువు మాత్రం పెంచరట."

పదిహేను రోజులు! నలభై రోజుల కింద చెప్పి ఉంటే కాగితాలు ఎప్పుడో పోయేవి. ఆ లెక్క ముగ్గురి మనసుల్లోనూ ఒకేసారి తేలింది. జగపతి గారు కుర్చీలో కూలబడ్డారు. అరిచి ఉంటే శోభారాణి తట్టుకునేది. ఆయన అరవలేదు. గోడవారన చుట్టచుట్టి పెట్టిన పటాల వైపు చూస్తూ, "నా బతుకంత గీత గీసి పెట్టిన. అన్ని మూతబడుతున్నయ్" అన్నారు.

ఇక్కడ మీతో ఒక నిజం చెప్పాలి. ముత్యం నంబరు ఎవరి చేతిలో ఉందో శోభారాణికి తెలుసు. ఆమె పొట్టకు అదుముకున్న సంచిలోనే, డాంగిల్ పక్కన, గుడ్డలో చుట్టి ఉంది. బొత్తాముల ఫోన్. వెళ్ళిపోయిన నాడు జనగామ స్టేషన్ రెండో ప్లాట్‌ఫారం మీద ముత్యం దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. "పది రోజుల పనుంది శోభా. ఫోన్లొస్తే ఎత్తు, ముత్యం సార్ లేడని చెప్పు. వచ్చినంక తీసుకుంట" అన్నాడు. జగపతికేమో పోతున్నానని చీటీ, తనకేమో వస్తానని మాట. రెండింటిలో ఏది నిజమో తొమ్మిదేళ్ళైనా తేలలేదు. మొదట్లో ఫోన్లు వచ్చేవి, తర్వాత తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. ఆమె మాత్రం మూడు రోజులకోసారి ఛార్జింగ్ పెడుతూనే ఉంది, నెలనెలా రీఛార్జి చేయిస్తూనే ఉంది. బ్యాటరీ రెండుసార్లు మార్పించింది. రిపేరు షాపతను "గీ డబ్బా ఎందుకక్కా, కొత్తది కొనరాదు" అంటే నవ్వి ఊరుకుంది.

మరి ఆ ఓటీపీ ఏదో తానే గుట్టుగా కొట్టేసి, పని కానిచ్చేయొచ్చు కదా అంటారు మీరు. నేనూ అదే అడిగాను. ఆ మెయిల్ అడుగున ఇంకో వాక్యం ఉంది. నోట్‌బుక్‌లో రాసుకుని కింద రెండు గీతలు గీసుకున్న వాక్యం. లైసెన్స్ మారేటప్పుడు పాత హక్కుదారుకు మెయిల్‌లో కబురు పోతుంది. అంటే ముత్యం ఎక్కడున్నా అతనికి తెలుస్తుంది. తెలిసినా పలకకపోతే? ఇన్నాళ్ళూ కనీసం అనుమానమన్నా తోడుగా ఉంది. మెయిల్ పోయాక అతను మౌనంగా ఉండిపోతే అదీ పోతుంది. నలభై రోజులు నోరెత్తకపోవడానికి కారణం ఇదే. తప్పే, ఆమెకూ తెలుసు.

కానీ ఆ పందొమ్మిది వందల్లో సగం తన గీతలు. మానుకోట చెరువుకట్ట వంపు, భూపాలపల్లి గనుల దారి, జఫర్‌గఢ్ అన్నదమ్ముల హద్దురాళ్ళు. పేరు ముత్యందైనా కళ్ళు మంటలెత్తేలా గీసింది తను. అవన్నీ రేపటి నుంచి తెరుచుకోవంటే, తను ఈ మూడూళ్ళలో తిరిగిందనడానికి ఇక గుర్తేమిటి?

శోభారాణి సంచి తెరిచింది. గుడ్డ మడతలు విప్పి, ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"నొక్కు శ్రీలతా. ఓటీపీ గిండ్లకే వస్తది" అంది.

కిందనుంచి ఎవరో యూరియా బస్తా దించుతున్న చప్పుడు.

"గిది ఎవరి ఫోన్?" అన్నారు జగపతి గారు. అడగనవసరం లేదు, గుర్తుపట్టారు. వెనక మూత మీద తెల్ల రంగుతో రాసిన ఓం ఆయన రాసిందే.

"నొక్కు. కానీ ముందుగల నాలుగో పేరు రాయి. శోభారాణి అని." ఆమె వేలితో తెర మీద ఖాళీ వరుస చూపించింది. "గీసినవారు అన్నకాడ ఒక్కసారన్న నా పేరు పడాలె."

శ్రీలత తండ్రి వైపు చూడలేదు. నాలుగో పేరు కొట్టింది, తర్వాత బటన్ నొక్కింది. పాత ఫోన్ బల్ల మీద ఒక్కసారి అదిరి, టింగుమంది. శోభారాణి అంకెలు చదివింది. శ్రీలత కొట్టింది. తెర మీద ఆఖరి పేజీ వచ్చింది. ముత్యం పేరు తీసేసి ఈ నలుగురి పేర్లు పెట్టమంటారా? పదిహేను నిమిషాల్లో ఖాయం చేయండి. పక్కన నిమిషాలు తగ్గుతున్నాయి. కింద చిన్న అక్షరాల్లో, పాత హక్కుదారుకు మెయిల్ పంపించాం అని ఉంది.

"ఆగు" అంది శోభారాణి.

"ఎందుకక్కా? ఒక్క నొక్కుడే."

"జర ఆగు శ్రీలతా. ఆఖరి నిమిషంల నొక్కుదాం."

"తొమ్మిదేండ్లు!" జగపతి గారు లేచారు. ఇప్పుడు నిజంగానే అరిచారు. "నా ఎదురుంగ కూసొని, నా ఉప్పు తిని, వాని ఫోన్ సంచిల పెట్టుకొని తిరిగినవ్! వాడు యాడున్నడో నీకు తెలుసన్నట్టు!"

"తెల్వది సార్."

"తెల్వకుంటనే దాసినవా?"

"తెల్వకనే దాసిన. తెలిస్తే పారేద్దును." కన్నీళ్ళు జారాయి, ఆమె తుడుచుకోలేదు. "మీకు చీటీ రాసిండు. నాకు పది రోజులన్నడు. మీకన్న పోయిండని తెలుసు సార్, కోపం చేసుకున్నరు, మర్సిపోయిన్రు. నాకు అది కూడ లేదు. మూడూళ్ళు తిరుగుతున్న, ఏ ఊళ్ళె ఎవరికీ నేను పట్టను. ఎన్నడన్న గీ ఫోన్ మోగుతదని, మోగినప్పుడు ఛార్జింగ్ లేకుంటే ఎట్లని..."

మాట అక్కడ ఆగింది. జగపతి గారు మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపారు. శ్రీలత తెర వైపు చూస్తూ ఉండిపోయింది. తొమ్మిది నిమిషాలు. ఏడు. ఐదు.

"అక్కా..." అంది శ్రీలత మెల్లగా. "ఇగ నొక్కుతున్న."

శోభారాణి తలూపింది. అయిపోయింది. మెయిల్ పోయింది, అతను పలకలేదు. ఇదే జవాబు అనుకుంది.

బల్ల మీద ఫోన్ మోగింది.

కొత్త నంబరు. పాత ఫోన్ చిన్న తెర మీద అంకెలు పచ్చగా వెలుగుతున్నాయి. మూడుసార్లు మోగేదాకా ముగ్గురిలో ఎవరూ చెయ్యి చాపలేదు. నాలుగోసారికి శోభారాణి ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

అవతల ఊపిరి చప్పుడు. తర్వాత బొంగురుపోయిన గొంతు. అయినా ఆ గొంతే.

"శోభా... ఇంకా ఛార్జింగ్ పెడుతున్నవా?"

ఆమె కళ్ళు మూసుకుంది. జగపతి గారు చెయ్యి చాచి, "ఇటియ్యి" అన్నారు. ఆమె ఇవ్వలేదు.

"మెయిల్ సూసిన" అన్నాడు ముత్యం. "నా పేరు తీస్తున్నరట. నొక్కకుండ్రి శోభా. నీ కాళ్ళు మొక్కుత, నొక్కకుండ్రి. ఎందుకో నేనొచ్చి చెప్త."

"ఎన్ని రోజులల్ల వస్తవ్?" అని అడిగింది శోభారాణి. "పదా?"



ఆమె వంగి, శ్రీలత చేతి కింద నుంచి మౌస్ తీసుకుంది. తెర మీద పైన ముత్యం పేరు, కింద నాలుగో వరుసలో తన పేరు. బాణం గుర్తును ఖాయం చేసే బటన్ మీదికి తెచ్చి, వేలు అక్కడే ఆపింది.

"తొమ్మిదేండ్లు నీ పేరు మోసిన" అంది ఫోన్‌లో, ఏడుపు లేని గొంతుతో. "నీకు నాలుగు నిమిషాలున్నయి. వచ్చి కాదు, ఇప్పుడే చెప్పు."